పాడిందెవరు, మొక్కిందెవరు

దేవుడంటే పెద్దగా నమ్మకం లేని ఒకాయన ఒక ప్రార్థనకు వరస కట్టాడు. టికెట్లు కొనుక్కుని వచ్చిన జనం ముందు ఒకావిడ దాన్ని పాడింది, తనది కాని కష్టాన్ని తనదిగా చేసుకుని. పాట ఆగగానే నా పక్కన కూర్చున్న ముసలావిడ నుదుటికి, గుండెకు, భుజాలకు వేళ్ళు తాకించి శిలువ గుర్తు వేసుకుంది. ఆ వెంటనే అవే చేతులతో చప్పట్లు కొడుతూ ‘బ్రావా’ అని కేక పెట్టింది. వరస కట్టినాయన, పాడినావిడ, విన్నావిడ. ఈ ముగ్గురిలో ప్రార్థన చేసిందెవరు? అసలక్కడ ప్రార్థన జరిగిందా, ప్రార్థన వేషం మాత్రమే జరిగిందా?

ఉద్యోగం చేసినన్నాళ్ళూ డిగ్రీ పిల్లలకు సంస్కృతం చెప్పినదాన్ని. రసం ఎవరిలో పుడుతుంది, కథలోని రాముడిలోనా, రాముడి వేషం కట్టిన నటుడిలోనా, చూసే ప్రేక్షకుడిలోనా అన్న చర్చ సిలబస్‌లో ఉండేది. పిల్లలు పరీక్షకు రాసి మర్చిపోయేవారు. అదే చర్చకు దేవుడు కూడా తోడైతే ఎంత చిక్కుపడుతుందో మిలాన్‌లో ఆ సాయంత్రం చూశాను.

మా అమ్మాయి అక్కడి పొలిటెక్నికో యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. తనకు తీరిక దొరికిన రోజు చూసుకుని నన్ను లా స్కాలాకు తీసుకెళ్ళింది. ఆరోజు ఉన్నది ఒపెరా కాదు. వేషాలు, తెరలు, పెద్ద వాద్యబృందం ఏవీ లేవు. పేరున్న ఒక ఒపెరా గాయని, పక్కన పియానో వాయించే అతను, అంతే. మన కచేరీ లాంటిదే. 1778లో తెరిచిన ఆ థియేటర్ 1943లో బాంబులకు దెబ్బతింటే, బాగుచేసి 1946లో మళ్ళీ తెరిచారు. నాలుగు అంతస్తుల బాక్సులు, వాటి నెత్తిన రెండు గ్యాలరీలు. మావి పై గ్యాలరీ టికెట్లు. బాక్సుల్లో పెద్దమనుషులు మెచ్చుకున్నా గ్యాలరీ జనం పెదవి విరిస్తే అక్కడ గాయకుల పని అయినట్టే. నచ్చకపోతే పైనుంచే గోల చేస్తారు. తెనాలిలో పద్యనాటకాలు చూస్తూ పెరిగినదాన్ని కనుక ఆ జనం నాకు కొత్తనిపించలేదు.

మైకు లేదు. ఒపెరా గాయకులు మైకు వాడరని తెలుసు గానీ, అంత ఎత్తున ఉన్న చివరి వరస దాకా ఒక్క మనిషి గొంతు సొంత బలంతో వచ్చి చేరడం వింటే తప్ప నమ్మబుద్ధి కాదు. పక్కన ముసలావిడ నా అవస్థ చూసి తన చిన్న బైనాక్యులర్స్ చేతిలో పెట్టింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. పాట మారినప్పుడల్లా కార్యక్రమం పుస్తకంలో వేలుపెట్టి చూపించేది.

నేను మొదట చెప్పిన ఆ పాట వెర్డి రాసిన ‘ఒటెల్లో’లో డెస్డిమోనా చేసే ప్రార్థన. ఆ ఒపెరాను మొదటిసారి ఆడింది కూడా లా స్కాలాలోనే, 1887 ఫిబ్రవరి 5న. కథ తెలిసిందే. అనుమానం తలకెక్కిన భర్త ఆ రాత్రి భార్యను చంపబోతున్నాడు. పడుకోబోయే ముందు ఆమె మేరీమాతకు మొక్కుకుంటుంది. పాట మొదట్లో వరసే ఉండదు. మాటలన్నీ ఒకే స్వరం మీద, గుళ్ళో జపం చదివినట్టు సాగుతాయి. కాసేపటికి గొంతు ఆ ఒక్క స్వరాన్ని వదిలి నెమ్మదిగా రాగంలోకి లేస్తుంది. పుస్తకంలోని ఇంగ్లీషు అనువాదం చదువుకుంటూ విన్నాను. పాపి కోసం అడుగుతుంది, ఏ పాపం ఎరగనివాడి కోసం అడుగుతుంది, అణగారిన బలహీనుడి కోసం అడుగుతుంది. అక్కడితో ఆగదు. బలవంతుడి కోసం కూడా అడుగుతుంది, వాడూ దుఃఖంలోనే ఉన్నాడని. చివర్లో గొంతు సన్నటి దారంలా పైస్థాయికి వెళ్ళి, దిగి, ఆగిపోతుంది.

బైనాక్యులర్స్‌లో ఆవిడ మొహం కంటే చెయ్యి స్పష్టంగా కనపడింది. పియానో అంచు మీద ఆనించిన కుడిచేతి బొటనవేలు, కనపడీ కనపడకుండా, లేచి పడుతోంది. లెక్క పెడుతోందన్నమాట. మొహంలో చావుకు ఎదురుచూసే ఇల్లాలి దీనత్వం, వేలికొసన తాళం. పాట అయ్యాక రెండు గుక్కలు నీళ్ళు తాగి, పియానో అతని వైపు చూసి నవ్వి, తర్వాతి పాట మొదలుపెట్టింది.

ఇంటికొచ్చే దారిలో ట్రాములో మా అమ్మాయి తేల్చేసింది. “అమ్మా, అది నటన. బాగా చేసింది. అంతకంటే ఏముంది అందులో?”

నిజానికి నటన అన్నది ఒక్క గాయనితో ఆగేది కాదు. షేక్స్‌పియర్ నాటకంలో డెస్డిమోనా రంగస్థలం మీద ఈ ప్రార్థన చేయదు. ప్రార్థన చేసుకున్నావా అని భర్త అడిగితే చేసుకున్నానంటుంది, అంతే. ఈ మాటలు వెర్డి కోసం బోయిటో రాసినవి. వెర్డి సంగతి ఆయన భార్య జుసెప్పీనా ఒక డాక్టరు మిత్రుడికి ఉత్తరంలో రాసింది: పూర్తి నాస్తికుడని అనలేం గానీ, విశ్వాసి అనడం మాత్రం కష్టమేనన్న ధోరణిలో. అలాంటి మనిషే 1874లో, చనిపోయినవాళ్ళ కోసం క్యాథలిక్ చర్చి జరిపే పూజామంత్రాలకు ‘రెక్వియమ్’ పేరుతో వరస కట్టాడు. రచయిత మంజోని పోయిన ఏడాదికి, మే 22న, మిలాన్‌లోని సాన్ మార్కో చర్చిలో దాన్ని పాడించాడు. చర్చిలో ఆడవాళ్ళు పాడాలంటే ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. నల్లబట్టలు కట్టుకుని, ముసుగులు వేసుకుని పాడారు. దేవుడి సన్నిధి కాబట్టి చప్పట్లు లేవు. సరిగ్గా మూడు రోజులకు అవే గొంతులు అదే సంగీతాన్ని లా స్కాలాలో పాడాయి. అక్కడ చప్పట్లే చప్పట్లు. కొన్ని భాగాలు మళ్ళీ పాడమని జనం పట్టుబడితే పాడారు కూడా.

ఇరవై రెండో తారీఖున జరిగింది పూజా, ఇరవై ఐదున జరిగింది కచేరీనా? స్వరం మారలేదు, మాట మారలేదు, మనుషులు మారలేదు. జర్మన్ సంగీతకారుడు హాన్స్ ఫాన్ బ్యూలో అయితే చర్చి దుస్తులు తొడిగిన ఒపెరా అంటూ మొత్తాన్నీ వెక్కిరించాడు. చాలా ఏళ్ళ తర్వాత, 1892లో, తనే వెర్డికి ఉత్తరం రాసి క్షమించమన్నాడు. ఆ వెక్కిరింత మాత్రం నిలిచిపోయింది. ఎందుకంటే దాని వెనక ఒక న్యాయమైన అనుమానం ఉంది. నమ్మనివాడు చేసిన ప్రార్థనను నమ్మొచ్చా?

ఈ అనుమానంతో నాకు చిన్నప్పటి నుంచీ పరిచయం ఉంది. మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. కవిరాజు త్రిపురనేని రామస్వామి పుస్తకాలు చదివి గుడికి వెళ్ళడం మానేసిన మనిషి. చుట్టుపక్కల ఊళ్ళలో శ్రీరామనవమి పందిళ్ళలో నాటకం అంటే ఆయన ఉండాల్సిందే. ద్రౌపది వేషం మా వీధి దర్జీ కట్టేవాడు. నిండు సభలో చీర లాగుతుంటే కృష్ణుణ్ణి పిలుస్తూ పద్యం ఎత్తుకునేవాడు. ముందు వరసలో చాపల మీద కూర్చున్న ముసలమ్మలు చేతులెత్తి దణ్ణం పెట్టేవాళ్ళు, చెంపలు వేసుకునేవాళ్ళు. ఆ వెనకనుంచి మగాళ్ళు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసేవాళ్ళు. ద్రౌపది చీర కొంగు సర్దుకుని అదే ఆర్తితో పద్యం మళ్ళీ మొదటినుంచీ అందుకునేది. మొక్కేవాళ్ళు మళ్ళీ మొక్కేవాళ్ళు.

“దేవుడు లేడంటావు గదా, ఆ పద్యం వచ్చేసరికి కళ్ళు మూసుకుంటావేం?” అని మా మేనమామ ఒకసారి నాన్నను ఏడిపించాడు. “కళ్ళు తెరిస్తే ద్రౌపది బదులు దర్జీ కనపడతాడు బావా. ఇంకేం పద్యం నిలబడుద్ది?” అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. నాన్న చెప్పింది మాత్రం హాస్యం కాదు. ఆ పద్యం తనది కాదని ఆయనకు తెలుసు. ముందు వరసలో చాపల మీద ఉన్నవాళ్ళదని తెలుసు. వాళ్ళ చేతికి అది చెక్కుచెదరకుండా అందాలి, అంతవరకే తన పూచీ అనుకునేవాడు.

ఇదే చిక్కులో పదహారు వందల ఏళ్ళ కిందట, ఇదే మిలాన్ ఊళ్ళో, ఒకాయన తలమునకలయ్యాడు. ఆగస్టీన్ ఇక్కడే బిషప్ ఆంబ్రోస్ చేతుల మీదుగా 387లో క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఆ జలకుండం శిథిలాలు ఇప్పటికీ ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చి కింద ఉన్నాయి. మెట్లు దిగి వెళ్ళి చూడొచ్చు. అంతకు ముందటేడు రాణి జస్టీనా సైనికులు ఆంబ్రోస్ చర్చిని చుట్టుముట్టినప్పుడు, లోపల చిక్కుకున్న జనం ధైర్యం చెడకుండా ఆయన వాళ్ళచేత పాటలు పాడించాడు. ఆ పాటలు వింటూ తాను కన్నీళ్ళు పెట్టుకున్నానని ఆగస్టీన్ తన ‘కన్ఫెషన్స్’లో రాసుకున్నాడు. అదే పుస్తకంలో మరోచోట భయపడ్డాడు కూడా. పాటలోని మాట కంటే పాడిన తీరే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేనని, అలాంటప్పుడు పాట వినకపోవడమే మేలని అనుకున్నాడు. అలెగ్జాండ్రియాలో అథనాసియస్ అనే బిషప్ కీర్తనలను దాదాపు వరస లేకుండా, మాట్లాడినట్టే చదివించేవాడట. అదే క్షేమమా అని ఆగస్టీన్ ఊగిసలాడి, చివరికి బలహీనులకు పాట ఆసరా అవుతుందని ఒప్పుకున్నాడు.

డెస్డిమోనా ప్రార్థన ఒకే స్వరం మీద మొదలై రాగంలోకి లేవడం గుర్తు చేసుకోండి. మొదటి సగం అథనాసియస్‌కు నచ్చే ప్రార్థన. రెండో సగం ఆగస్టీన్‌ను భయపెట్టే ప్రార్థన. రెండిటి మధ్యా గీత ఎక్కడుందో వెర్డి చెరిపేశాడు.

పాట దగ్గర ఇంత తటపటాయించిన ఆగస్టీన్ పూజారి దగ్గరకొచ్చేసరికి ఏ తటపటాయింపూ లేకుండా మాట్లాడాడు. పూజారి మంచివాడు కాకపోతే అతను చేయించిన బాప్టిజం చెల్లదని ఉత్తర ఆఫ్రికాలో డోనటిస్టులు పట్టుబడితే, చెల్లుతుందని వాదించాడు. రాతి కాలవలోంచి నీళ్ళు తోటకు పారతాయి. కాలవలో ఏమీ మొలవదు, తోట మాత్రం పండుతుంది. ఇది ఆయన చెప్పిన పోలికే. తర్వాత కొన్ని వందల ఏళ్ళకు కాశ్మీరంలో అభినవగుప్తుడు, ఆగస్టీన్ పేరైనా వినని మనిషి, నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాస్తూ దాదాపు ఇదే మాట అన్నాడు. రసం నటుడిలో ఉండదు. కల్లు రుచి పట్టిన గిన్నెకు తెలియదు, తాగినవాడికి తెలుస్తుంది. ఒకరు పూజ గురించి, ఒకరు నాటకం గురించి మాట్లాడుతూ ఒకే చోటికి చేరారు. అందించేవాడిలో ఏముందని అడగొద్దు, అందిందా లేదా చూడు అన్నారు.

ఇక్కడ త్యాగయ్య అడ్డం వస్తాడని తెలుసు. భక్తి లేని సంగీతజ్ఞానం దారి చూపదన్నది ఆయన జీవితమంతా నిలబడిన మాట. తంజావూరు కొలువు పిలిచినా వెళ్ళలేదంటారు. రాముడికి పాడే గొంతుతో రాజును మెప్పించడం ఆయనకు చేతకాలేదు. త్యాగయ్య మాట తనవరకు పరమ సత్యం. కాకపోతే ఆయన తన ప్రార్థన తనే పాడుకున్నాడు. మరొకరి ప్రార్థనను మోసేవాళ్ళ సంగతి వేరు. ఇవాళ వేదికల మీద త్యాగయ్యనే పాడే వందలమందిలో ఎందరికి ఆ భక్తి ఉంది? అది లేనంత మాత్రాన వింటున్న భక్తుడికి రాముడు అందకుండా పోతున్నాడా?

అలాగైతే దొంగభక్తి కూడా చెల్లుతుందా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. బొట్లూ పట్టుబట్టలూ పెట్టుకుని టీవీలో కన్నీళ్ళు కార్చి, కెమెరా ఆగగానే రేటు మాట్లాడుకునేవాళ్ళను చూస్తూనే ఉన్నాం. వాళ్ళకూ ఆ గాయనికీ తేడా నాకు స్పష్టంగానే కనపడుతోంది. ఆవిడ తాను డెస్డిమోనానని మనల్ని నమ్మించబోలేదు. టికెట్టు మీదే రాసుంది అది కచేరీ అని. వేదిక లేనిచోట వేషం కట్టేవాడే మోసగాడు. పైగా దొంగభక్తుడి ధ్యాస తన మీదే ఉంటుంది, తన కన్నీళ్ళు కనపడుతున్నాయా లేదా అని. ఆవిడ ధ్యాస బొటనవేలి కింద ఉన్న తాళం మీద ఉంది. ఎక్కడా తను ఎక్కువ కాకుండా, మాట తక్కువ కాకుండా చూసుకోవడానికే ఆ లెక్క. జపమాల తిప్పే మా అమ్మమ్మా లెక్కే పెట్టేది. నూట ఎనిమిది పూర్తయ్యేదాకా మధ్యలో పలకరించినా పలికేది కాదు. లెక్క పెట్టినంత మాత్రాన భక్తి తక్కువైందని ఆవిణ్ణి ఎవరూ అనలేదు.

అందిందా లేదా చూడమన్న ఈ సిద్ధాంతాన్ని అన్నిటికంటే కఠినంగా పరీక్షించింది టెరెజిన్. ప్రాగ్‌కు ఉత్తరాన నాజీలు యూదుల్ని నిర్బంధించిన ఊరు అది. అక్కడ రఫాయెల్ షెక్టర్ అనే సంగీతకారుడు తోటి ఖైదీల చేత 1943, 44ల్లో వెర్డి రెక్వియమ్ పాడించాడు. వాద్యబృందం లేదు, పియానోతోనే సరిపెట్టారు. పాడేవాళ్ళను రైళ్ళలో తూర్పుకు పంపేస్తుంటే మిగిలినవాళ్ళతో, కొత్తవాళ్ళతో బృందాన్ని మళ్ళీ కూర్చుకున్నాడు. శిబిరంలోని యూదు పెద్దలు కొందరికి ఇది నచ్చలేదు. మనవాళ్ళు క్యాథలిక్ పూజ పాడటమేమిటన్నారు. ఆ అభ్యంతరంలో బలముంది. అది వాళ్ళ దేవుడి భాష కాదు, వాళ్ళ మతం కాదు. వరస కట్టినవాడికే సరైన నమ్మకం లేదు. అయినా ఆ మంత్రాల్లో తీర్పు రోజు ఉంది. దాచిందేదీ దాగదని, శిక్ష తప్పదని ఉంది. నాజీల ముఖం మీద మాటల్లో అనలేనిదాన్ని పాటలో అన్నామని బతికి బయటపడినవాళ్ళు తర్వాత చెప్పారు. ఎవరి ప్రార్థననో ఎరువు తెచ్చుకుని పాడారు. దాన్ని అబద్ధమనడానికి ఎవరికి నోరొస్తుంది?

1944 జూన్ 23న రెడ్‌క్రాస్ ప్రతినిధి బృందం ఆ ఊరు చూడటానికి వచ్చింది. ఆ రాకకోసం ఇళ్ళకు రంగులు వేయించారు, పిల్లలచేత నాటకం ఆడించారు. అంతా సవ్యంగా ఉందన్నట్టే నివేదిక వెళ్ళింది. అక్టోబరులో షెక్టర్‌ను ఆష్విట్జ్‌కు తరలించారు. రెక్వియమ్‌ను ఆ నెలల్లో నాజీ అధికారులూ విన్నారు. లోపం గొంతుల్లో లేదు. ఏ కాలవా ఎండిపోలేదు. నీళ్ళు వచ్చి చేరిన నేల పండలేదు.

అభినవగుప్తుడు రసాన్ని సహృదయుడి దగ్గర పెట్టాడంటే చాలామంది శ్రోతకు దక్కిన గౌరవం అనుకుంటారు. నాకు అది మోయాల్సిన బరువులా కనపడుతోంది. పాడేవాళ్ళకు నమ్మకం విషయంలో మినహాయింపు ఉంది. తాళం, శ్రుతి, మాట సరిగా ఉంటే వాళ్ళ బాకీ తీరినట్టే. వినేవాళ్ళకు ఏ మినహాయింపూ లేదు. ఆ గాయని నిజంగా మొక్కిందా అని మా అమ్మాయీ నేనూ ట్రాములో వాదించుకుంటున్నంతసేపూ మా సంగతి తప్పించుకున్నాం. ప్రార్థన మా దాకా వచ్చింది. మేమేం చేశామన్నదే అసలు లెక్క.

నావరకు ఒకటి చెప్పగలను. పాపి కోసం అడిగినప్పుడు, బలహీనుడి కోసం అడిగినప్పుడు నా మనసు ఆ పాటతో కలిసి వెళ్ళింది. దణ్ణం పెట్టానో లేదో గానీ అడిగాను. బలవంతుడి కోసం కూడా దయ అడిగే చోట నేను ఆగిపోయాను. వాడికెందుకు అనుకున్నాను. చంపబోయే మనిషి తలుపు అవతల ఉండగా అతని కోసం కూడా అడగమన్నది బోయిటో రాసిన మాట. దాన్ని నమ్మకంతో పని లేకుండా వెర్డి రాగంలో పెట్టాడు, తాళం తప్పకుండా ఆవిడ పాడింది. వాళ్ళిద్దరూ తమ పని చేశారు. నా పక్కనావిడ శిలువ గుర్తు వేసుకుంది, ఆ చోటు కూడా దాటి వేసుకుందేమో. చేయాల్సిన పని మిగిలింది నాకు, అది ఇంకా నావల్ల కావడం లేదు.